జేబులో ఒక చాకు, బల్లమీద ఒక చాకు

జూన్ 2, సోమవారం

ఇవాళ విప్పిన సోఫా కడుపులో ఎండిన బొద్దింకలు, జుట్టు ఉండలు, ఎవరో చప్పరించి అంటించిపోయిన చూయింగ్ గమ్ము, ఒక పాలపన్ను. పైన చూస్తేనేమో బంగారు రంగు పూల గుడ్డ. పైన పటారం లోన లొటారం అన్న మాట పుట్టించినవాడు నాలాగే సోఫాలు విప్పి బతికినవాడై ఉంటాడు. మనుషులు ఎక్కడ హాయిగా కూర్చుంటారో అక్కడే అసలు కంపు. మా సోఫా రిపేరు షాపు ఓనరమ్మ మాత్రం దీన్ని "విప్పే సెక్షన్" అని గొప్పగా పిలుస్తుంది. సెక్షనంటే నేనూ, నా బల్లా, నా చాకూ.

ఆ చాకు కూడా ఇవాళ్టితో సరి. స్ప్రింగు పోయింది. మూసినా మూసుకోదు.

మధ్యాహ్నం ఓనరమ్మ పిలిచి రెండు కొత్త మడతచాకులు నా ముందు పెట్టింది. ఒకటి హార్డ్‌వేర్ షాపువాళ్ళు పంపినది. రెండోది మా మరిది తెచ్చి ఇచ్చినది. ఇప్పుడు వాడి వ్యాపారం పనిముట్ల సప్లై. అంతకు ముందు పెట్టినవి రెండూ మునిగాయి.

"రెండూ కొన్నాళ్ళు జేబులో పెట్టుకుని వాడి చూడు. నువ్వేది బాగుందంటే అందరికీ అదే కొంటా. చాకు సంగతి నీకంటే ఎవరికి తెలుసు? మీ మరిదిదని మొహమాటపడకు సుమా" అంది.

మొహమాటమా? నాలుగు రోజులుంటానని వచ్చి, పోయిన వానాకాలం నుంచి మా ముందుగదిలో సోఫా మీద పడుకుంటున్నాడు వాడు. వాడి తడి తువ్వాలు రోజూ నా కుర్చీ మీదే. నాకెందుకు మొహమాటం?

రెండూ అచ్చంగా కవలపిల్లలు. నల్ల పిడి, అరచేతిలో ఇమిడే పొడుగు, జేబుకి తగిలించుకునే క్లిప్పు. లాక్ బటన్ పక్కన ఒకదానికి తెల్లచుక్క, ఒకదానికి ఎర్రచుక్క. ఎర్రచుక్కది మరిదిది.


జూన్ 3, మంగళవారం

పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి వాడాను. ఎర్రచుక్కకి పదును ఎక్కువ. రెక్సిన్ మీద పెడితే చాలు, బతిమాలకుండా తెగుతుంది. క్లిప్పు కూడా బిగువుగా ఉంది. తెల్లచుక్క క్లిప్పు వదులు, వంగితే ఏప్రన్ జేబులోంచి రెండుసార్లు కిందపడింది. నిజం చెప్పాలంటే నాకు ఎర్రచుక్కే నచ్చింది. మనిషి మీద రోత చాకు మీద చూపించకూడదు కదా.

పక్క బల్ల నుంచి మేకుల మామ నా వంక చూస్తూనే ఉన్నాడు. మా షాపులో అందరికన్నా పెద్దాయన, గుడ్డ బిగించి మేకులు కొట్టేది ఆయనే. గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుంటాడు. నాలుకతో ఒక్కొక్కటే పెదాల మధ్యకి తెచ్చి అయస్కాంతం సుత్తికి అందిస్తాడు. పిన్నులు కొట్టే గన్ను వచ్చాక కూడా ఆయనది అదే పద్ధతి. నోటినిండా ఇనుమే కాబట్టి రోజంతా మౌనం. మాట్లాడాలంటే మేకులన్నీ అరచేతిలోకి ఉమ్ముకోవాలి, అంత శ్రమపడి చెప్పాల్సిన సంగతి లోకంలో పెద్దగా లేదని ఆయన నమ్మకం. ఆ తడి మేకుల్ని చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. మనిషి మాత్రం మంచివాడు.

ఇవాళ ఉమ్ముకుని మరీ అడిగాడు.

"ఏది బాగుందమ్మాయ్? నాకు రెండూ ఒకేలా ఉన్నాయే!"

"అన్నదమ్ములు కూడా చూడ్డానికి ఒకేలా ఉంటారు మామా. కాపురం చేసినదానికి తెలుస్తుంది."

నవ్వి, మళ్ళీ మేకులు నోట్లో వేసుకున్నాడు.


జూన్ 5, గురువారం

ఇంటికొచ్చేసరికి మరిది సోఫా మీద కాళ్ళు చాపుకుని గోళ్ళు తీసుకుంటున్నాడు. నా నెయిల్ కట్టరుతో. కాలి గోళ్ళు చిట్లి ఎక్కడెక్కడో పడుతున్నాయి. ఊళ్ళోవాళ్ళ సోఫాల్లో గోళ్ళు ఏరి ఏరి ఇంటికొస్తే ఇక్కడా గోళ్ళే.

"వదినా! నా చాకెలా ఉంది?"

"బాగానే ఉంది."

"బాగానే ఉందా, బాగుందా? ఈ రెంటికీ చాలా తేడా ఉంది వదినా. నీ నోట్లోంచి ఒక్క మంచిమాట పడిందనుకో, నా బండి పట్టాలెక్కుతుంది. ఆర్డరు రాగానే వేరే గది చూసుకుంటా. నీ సోఫా నీకు అప్పజెప్పేస్తా. ఒట్టు."

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. టీ గ్లాసు వంక చూస్తూ "నువ్వు చెబితే ఓనరమ్మ వింటుందిగా" అన్నాడు. ఇంత పెద్ద వాక్యం ఆయన నా గురించి మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

పడుకున్నాక కూడా ఆ సోఫానే కళ్ళముందు మెదులుతోంది. ఖాళీగా, దులిపి, దిండ్లు సర్ది.


జూన్ 6, శుక్రవారం

పనిలో ఉండగా ఎర్రచుక్క మూసుకుపోయింది. నా చెయ్యి జారింది. అంతే.


జూన్ 7, శనివారం

మళ్ళీ మూసుకుంది.

గుడ్డని చెక్కకి పట్టి ఉంచే పిన్నులు పీకడానికి వేరే పనిముట్టు ఉంది. ఎవరూ వాడరు. అది తీసి, ఇది పెట్టి, మళ్ళీ అది తీసి... పొద్దు పోతుంది. అందుకని చాకు కొసనే పిన్ను కిందకి దూరుస్తాం. పదును పాడవకుండా పదును వైపు కిందకి, మొద్దు వీపు పైకి పెట్టి ఎత్తుతాం. షాపులో అందరిదీ ఇదే అలవాటు. అలా ఎత్తినప్పుడు బరువంతా చాకు వీపు మీద పడుతుంది. లాక్ ఆగకపోతే బ్లేడు వెనక్కి మడుచుకుని పిడిని పట్టుకున్న వేళ్ళ మీదికే వస్తుంది. నా చూపుడువేలికి తోలు తొడుగు ఉంది కాబట్టి ఆ తొడుగే తెగింది.

చెమట వల్ల అయి ఉంటుంది. పిడి తుడిచి, లాక్‌లో చుక్క నూనె వేశాను. నూనె వల్ల ఇంకా జారింది కాబోలు. మూడోసారి కూడా మూసుకుంది.


జూన్ 8, ఆదివారం

పొద్దున అన్నదమ్ములిద్దరూ బయటికెళ్ళాక రెండు చాకులూ తెరిచి, వీపుని బల్ల అంచుకేసి కొట్టి చూశాను. తెల్లచుక్క కదల్లేదు. ఎంత గట్టిగా కొట్టినా కదల్లేదు. ఎర్రచుక్క రెండో దెబ్బకే పడుకుంది. నూనె తుడిచి కొట్టాను. పడుకుంది. ఆరబెట్టి కొట్టాను. పడుకుంది.

మరిది రాగానే చూపించాను. ఆశ్చర్యపోతాడనుకున్నా. కనీసం ఆశ్చర్యపోయినట్టు నటిస్తాడనుకున్నా.

"అబ్బా వదినా, చాకు వీపుని బల్లకేసి ఎవరు కొడతారు? పిన్నులు ఎత్తడానికి చాకు కాదు కదా! కోసుకోడానికి. పద్ధతిగా వాడితే ఏమీ కాదు."

"మా షాపులో అందరూ ఎత్తుతారు."

"అయితే కాస్త గట్టిగా పట్టుకోమను." గొంతు తగ్గించాడు. "నీకో మాట చెప్పనా? నీ చేతికిస్తున్నానని పెట్టెలో ఉన్నవన్నీ తెరిచి తెరిచి చూసి, ఉన్నవాటిల్లో మంచిది ఏరి తెచ్చా. పరాయివాళ్ళయితే అంత చేస్తానా?"

నాకు ఉపకారం చేసినట్టే చెప్పాడు. ఉన్నవాటిల్లో మంచిదే ఇది. మిగిలినవి ఎలాంటివో వాడికి తెలుసు. తెలిసి, నా పక్కన కూర్చుని నవ్వుతూ టీ తాగుతున్నాడు. ఛీ. వాడి గ్లాసు కడగడానికి కూడా నా చెయ్యి వెళ్ళలేదు.

మా ఆయనకి చెబితే చాలాసేపు ఆలోచించి అన్నాడు: "కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. బయటపెట్టామనుకో, వాడు మళ్ళీ ఇక్కడే కూర్చుంటాడు. నువ్వో పని చెయ్యి. నువ్వు మాత్రం తెల్లచుక్కది అట్టేపెట్టుకో. ఒక్కటి ఉంచుకుంటానంటే ఓనరమ్మ కాదంటుందా?"

ఇన్నేళ్ళ కాపురంలో ఈయన నా వేళ్ళ గురించి ఆలోచించడం ఇదే మొదటిసారి.


జూన్ 9, సోమవారం

ఓనరమ్మ అడగలేదు. నేను చెప్పలేదు. అడిగితే చెబుతాను.


జూన్ 10, మంగళవారం

పిల్లులున్న ఇంటి నుంచి వచ్చిన సోఫా. వాసనకి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ముక్కుకి గుడ్డ కట్టుకుని విప్పాను.

మధ్యలో గమనించాను. జేబులో తెల్లచుక్క ఉంది. ఎర్రచుక్క బల్లమీద ఉంది. నిన్న కూడా అంతే. క్లిప్పు వదులని తిట్టుకున్న చాకునే పొద్దున్నే తీసి జేబులో పెట్టుకుంటున్నాను. నేను అనుకుని చేసింది కాదు. చేతులు వాటంతట అవే చేస్తున్నాయి.

అయినా మరిది అన్నదాంట్లో కొంత న్యాయం ఉంది. పిన్నులెత్తడానికి చాకు కాదు. పద్ధతిగా వాడితే ఏమీ కాదు.


జూన్ 11, బుధవారం

ఓనరమ్మ అడిగింది. ఎర్రచుక్క అన్నాను.

"ఎందుకు?" అంది. పదును బాగుందన్నాను. నిజమే. క్లిప్పు గట్టిదన్నాను. నిజమే. చేతిలో కుదురుగా ఉంటుందన్నాను. అదీ నిజమే. అన్నిట్లో ఒక్క అబద్ధం కూడా లేదు.

"మరి లాక్?"

"పద్ధతిగా వాడితే ఏమీ కాదు" అన్నాను.

ఇంట్లో మరిది పండగ చేసుకున్నాడు. "మా వదిన బంగారం!" అని అరిచాడు. వాడి తువ్వాలు మొట్టమొదటిసారి వాడే తీసుకెళ్ళి ఆరేసుకున్నాడు.


జూన్ 12, గురువారం

మరిది గదులు చూడ్డానికి వెళ్ళాడు. సాయంత్రం సోఫా ఖాళీ. వెళ్ళి కూర్చున్నాను. వాడి తలనూనె వాసన. దిండు కింద గోళ్ళు. లేచి కుర్చీలో కూర్చున్నాను.


జూన్ 13, శుక్రవారం

మేకుల మామ చెయ్యి.

ఇవాళ రాయలేను.


జూన్ 14, శనివారం

రాస్తాను.

పాత కుర్చీకి అడ్డంగా ఉన్న నాలుగు పిన్నులు తీసుకోవాలని మామ నా బల్ల దగ్గరికొచ్చాడు. తన చాకు మొద్దుబారింది. బల్లమీద ఎర్రచుక్క ఉంది, తెల్లచుక్క నా జేబులో ఉంది. నా వంక చూసి, తీసుకోనా అన్నట్టు కళ్ళెగరేశాడు. నోటినిండా మేకులు కదా. నేను తలూపాను.

తలూపాను. ఆ మాట ఇక్కడ రాసి ఉండాలి.

నాకు చెప్పడానికి టైముంది. ఆయన వెనక్కి తిరిగి తన బల్ల దాకా నడిచి, కుర్చీ తిరగేసి, కొస దూర్చేదాకా ఉంది. ఏమని చెప్పను? నిన్నగాక మొన్న నేనే బాగుందని చెప్పిన చాకు. ఆ మాటలన్నీ మళ్ళీ వెనక్కి తీసుకోవాలి. తర్వాత చెబుదాంలే అనుకుంటున్నాను. అలా అనుకుంటుండగానే టక్కుమని శబ్దం వచ్చింది.

ఆయన అరవలేదు. నోరు తెరిస్తే మేకులు గొంతులోకి పోతాయి. ముక్కుతో ఒక మూలుగు, అంతే. వంగి, కుడిచెయ్యి కడుపులో పెట్టుకుని, మేకులు ఒకటీ ఒకటీ నేలమీదికి వదిలాడు. రక్తం కూడా వాటి పక్కనే పడుతోంది. ఆఖరి మేకు పడేదాకా ఆగి, అప్పుడు "అమ్మా" అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు.

చూపుడువేలి నరం తెగిందట. కుట్లు వేశారు. డాక్టరు ఇక ఆ వేలు వంగదన్నాడు.

ఓనరమ్మ అడిగింది, చాకు తప్పా అని. మామే అన్నాడు: "చాకుదేముందమ్మా, ముసలి చేతులు. నా చెయ్యే జారింది."

ఓనరమ్మ నా వైపు చూసింది. "పిన్నులెత్తేటప్పుడు కాస్త గట్టిగా పట్టుకోవాలి మామా" అన్నాను. మరిది మాటలే, నా నోటితో. నోరు కడుక్కుంటే పోయేది కాదిది.


జూన్ 16, సోమవారం

మరిదికి చెప్పాను. మొదట అడిగిందేమిటంటే, "ఆర్డరుకేం ఇబ్బంది లేదుగా?" అని. ఎవరికి, ఎంత తెగింది అని కాదు.

మా ఆయన "పాపం" అన్నాడు. అని, ఇంకొంచెం వడ్డించుకున్నాడు.

వాళ్ళిద్దరూ నములుతున్న చప్పుడు వింటూ కూర్చోలేకపోయాను. బాత్రూంలోకెళ్ళి కక్కాను. కక్కిన దాంట్లో నేను కూడా ఉండాలి, వాళ్ళతోపాటు. వాళ్ళలో ఒకరు తెలిసి అమ్మినవాడు, ఇంకొకరు తెలిసి ఊరుకున్నవాడు. చాకు బల్లమీద పెట్టి తలూపింది నేను.


జూన్ 18, బుధవారం

ఇవాళ ఎర్రచుక్క చాకుల పెట్టె వచ్చింది. మరిది కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. షాపంతా చుట్టూ చేరింది. మేకుల మామ కూడా ఉన్నాడు. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక నిన్నటి నుంచే వస్తున్నాడు. కుడిచేతికి కట్టు, ఎడమచేత్తో సుత్తి పట్టుకుని తడుముకుంటూ కొడుతున్నాడు. నోట్లో మేకులు మాత్రం మామూలే.

మరిది పెట్టె తెరిచి ఒక చాకు తీసి నాకందించాడు. "వదినే ప్రారంభోత్సవం చెయ్యాలి!"

నేను తీసుకోలేదు. పిన్నులు బిగించి ఉన్న పాత ఫ్రేము ఒకటి తెచ్చి వాడి ముందు పెట్టాను.

"నువ్వు చెయ్యి. ఒక్క పిన్ను ఎత్తు. మేం ఎత్తినట్టే."

"నాకు పని రాదు కదా వదినా" అని అందరి వంకా చూసి నవ్వాడు.

"ఎవరైనా ఎత్తగలరు. కొస కిందకి పెట్టు, వీపు పైకి. చూపుడువేలు పిడి కింద నుంచి చుట్టు."

చాకు తెరిచాడు. కొస పిన్ను కింద పెట్టాడు. చూపుడువేలు మాత్రం పిడికి ఆనకుండా గాల్లో నిలబెట్టాడు. మిగతా వేళ్ళు కూడా కొసలతోనే పట్టుకున్నాడు, చచ్చిన ఎలుకని తోక పట్టుకుని ఎత్తినట్టు.

"వేలు చుట్టు" అన్నాను.

"అక్కర్లేదు వదినా, ఇలా కూడా..."

"చుట్టి ఎత్తు."

చుట్టలేదు. మొహం పాలిపోయింది. చివరికి చాకుని మెల్లగా, రెండు చేతుల్తో, జాగ్రత్తగా మడిచి పెట్టెలో పెట్టేశాడు. అంత జాగ్రత్త వాడు జీవితంలో దేనికీ తీసుకుని ఉండడు. ఓనరమ్మ పెట్టె మూత మూసి వాడి చేతికిచ్చింది. తేలు కుట్టిన దొంగలా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అందరూ నన్ను పొగడ్డమే. సొంత మరిదని కూడా చూడలేదన్నారు. "నువ్వు ఉండబట్టి మా వేళ్ళు మిగిలాయి" అన్నారు. ఓనరమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. నాకు ఆ చెయ్యి తోసేయాలనిపించింది, కాని అలాగే నిలబడ్డాను. చెప్పడానికి సిగ్గేస్తోంది, ఒక్క క్షణం బాగానే అనిపించింది కూడా.

అందరూ వెళ్ళాక మేకుల మామ నా బల్ల దగ్గరికొచ్చాడు. మేకులన్నీ ఎడమచేతిలోకి ఉమ్ముకున్నాడు.

"వేలు ఎక్కడ పెట్టాలో వాడికి సరిగ్గా చెప్పావమ్మాయ్" అన్నాడు. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఇవాళే మామా" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. కోపంగా కాదు. సోఫా విప్పకముందు నేను పైగుడ్డని చూస్తాను చూడు, అలా. మేకులు మళ్ళీ నోట్లో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. కుడిచెయ్యి పనిచేయదు కాబట్టి, అరచేతిని పెదాలకి ఆనించి నాలుకతో ఒక్కొక్కటే తీసుకున్నాడు. చాలాసేపు పట్టింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ మేకుల్ని చూస్తే ఇవాళ కడుపులో తిప్పలేదు.


జూన్ 20, శుక్రవారం

మా ఆయన నాతో మాట్లాడటం లేదు. తేడా తెలియడానికి రెండు రోజులు పట్టింది.

మరిది సోఫా మీదే ఉన్నాడు. తువ్వాలు నా కుర్చీ మీద.


జూన్ 23, సోమవారం

అందరికీ తెల్లచుక్క చాకులు వచ్చాయి. నేనే పంచిపెట్టాను.

మేకుల మామ ఎడమచేత్తో తెరవబోయాడు. రాలేదు. లాక్ బటన్ కుడిచేతివాళ్ళకి అనువుగా పెట్టారు, ఎడమ బొటనవేలికి అందదు. తొడకి ఆనించి చూశాడు, బల్ల అంచుకి ఆనించి చూశాడు. మేకులు ఉమ్ముకోకుండానే చాకు నావైపు చాపాడు. తెరిచి ఇచ్చాను.

పని అయ్యాక మూయమని మళ్ళీ చాపాడు. మూసి ఇచ్చాను. సాయంత్రం దాకా ఆయన చాపినప్పుడల్లా తెరిచి ఇస్తూ, మూసి ఇస్తూ ఉన్నాను. రేపు కూడా చాపుతాడు.